తక్కువ రేటు రాసినా టెండర్ ఎందుకు రాలేదు?

"అందరికంటె తక్కువ రేటు మాదే. అయినా పని ఇంకొకళ్లకు ఇచ్చిన్రు. అంతా ముందుగాలనే సెట్టింగ్ అయి ఉంటది." షోలాపూర్ పూర్వ భాగంలో ఏ పేటకు పోయినా ఈ మాట వినబడుతది. నాలుగు సాంచాలు పెట్టుకున్న ఆసామి అంటడు, యూనిఫాంలు కుట్టేటోళ్లు అంటరు. ఈ మధ్య మా గల్లీ బచత్ గట్ ఆడబిడ్డలు కూడ అన్నరు. వాళ్లు ఒక హాస్టల్‌కు దుప్పట్లు, దిండు గలీబులు కుట్టి ఇచ్చే పనికి కొటేషన్ వేసిన్రు. రేట్లు చదివిన నాడు వాళ్లదే తక్కువ. పని మాత్రం రాలేదు. ఇగ జన్మలో కొటేషన్ వెయ్యమని కూర్చున్నరు.

నేను చదివింది తెలుగు బడిలో నాలుగో తరగతి. మొదట మిల్లుల పని చేసిన, మిల్లు మూతపడ్డంక టవల్ కార్ఖానాల చేరిన, జాబర్‌గా రిటైర్ అయిన. అయితే మా కార్ఖానాల టెండర్ వస్తే శాంపిల్ నేసే పని నా మీదనే ఉండేది. శాంపిల్ మూట నెత్తిన పెట్టుకొని ఆఫీసులకు పోయినోణ్ని కాబట్టి, టెండర్లు ఎట్ల తెరుస్తరు, ఎట్ల చూస్తరు అనేది బల్లకు ఇవతల నిలబడి చానాసార్లు చూసిన. రిటైర్ అయినంక మా హౌసింగ్ సొసైటీ కమిటీల ఉండి, బల్లకు అవతల కూడ కూర్చున్న. ఆ రెండు దిక్కుల సంగతి మన ఇండ్లల్ల తెలవాలని రాస్తున్న. సెట్టింగ్ ఉండదని నేను చెప్పను. ఉంటది, దాని సంగతి కూడ చెప్త. కాని మనకు రాని ప్రతి పనికి అదొక్కటే కారణం కాదు.

ఆ ఆడబిడ్డల సంగతే చూడండి. నేను, గట్ అధ్యక్షురాలు కలిసి పోయి హాస్టల్ క్లర్కును అడిగినం. ఆయన విసుక్కోకుండ ఒక కాగితం చూపెట్టిండు. దాన్ని తులనాత్మక పట్టీ అంటరు, మరాఠీల తులనాత్మక తక్తా. ఎవరెవరు వేసిన్రు, ఎవరు ఏ కాగితం పెట్టిన్రు, ఎవరి రేటు ఎంత అని అడ్డం నిలువు గీతలు కొట్టి రాసిన లెక్క. మనోళ్ల రేటు ముందట ఎర్ర సిరాతోని గీత ఉన్నది. వాళ్లు అడిగినవి మూడు: బట్ట శాంపిల్, ఎన్ని రోజులల్ల ఇస్తరు అనే మాట, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నకలు. మనోళ్లు నకలు పెట్టిన్రు. శాంపిల్ పెట్టలేదు. గడువు దగ్గర ఖాళీ ఇడిచిపెట్టిన్రు. నోటితోని చెప్పిన్రట, "నెల రోజులల్ల ఇస్తమండి" అని. నోటిమాట పట్టీలకు ఎక్కదు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఉన్నది. తక్కువ రేటు వాళ్లకు పని అంటే, వచ్చిన అందరిల తక్కువ అని కాదు. అడిగినవన్ని పెట్టినవాళ్లల్ల తక్కువ అని. అడిగినవి పెట్టనోళ్లను ముందే పక్కకు పెడ్తరు. పెద్ద టెండర్లల్ల ఇది ఇంకా గట్టిగ ఉంటది. రెండు లిఫాఫాలు వేయాలె. మొదటిదాంట్ల కాగితాలు, అనుభవం, శాంపిల్ రసీదు. రెండోదాంట్ల రేటు. మొదటిది అందరిది తెరుస్తరు. అందుల తప్పిపోయినోళ్ల రెండో లిఫాఫా తెరవకుండనే వాపసు ఇస్తరు. నీ రేటు అసలు ఎవరూ చూడరు. ఇప్పుడు చాన మటుకు కంప్యూటర్ల మీదనే అయితున్నయి. కేంద్ర ప్రభుత్వం 2016ల జెమ్ అనే కొనుగోలు పోర్టల్ పెట్టింది, ప్రభుత్వ ఆఫీసులు అందుల కొంటయి. లిఫాఫా కాగితంది అయినా కంప్యూటర్ల ఉన్నా పద్ధతి అదే.

అనామతు అని ఒకటి ఉంటది, ఈఎండీ అంటరు. కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం సరుకు అంచనా ధరల 2 నుంచి 5 శాతం దాకా. పని వచ్చినంక వెనక్కు పోతే ఆ పైసలు పోతయి. చిన్నోళ్లు ఇక్కడనే ఆగిపోతరు. కాని ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్లకు కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లల్ల అనామతు మాఫీ ఉన్నది. దానితోని ఇంకొక వీలు. 2012ల కేంద్రం తెచ్చిన కొనుగోలు విధానం ప్రకారం, కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ కంపెనీలు కొనేదాంట్ల కనీసం 25 శాతం ఇసొంటి చిన్నోళ్ల దగ్గర కొనాలె. అందుల 3 శాతం ఆడవాళ్ల యూనిట్ల దగ్గర. పెద్ద కంపెనీ రేటు అందరికంటె తక్కువ ఉండి, మన రేటు దానికి 15 శాతం లోపల ఎక్కువ ఉన్నదనుకోండి, వాళ్ల రేటుకు దిగివస్తమంటే మనకు కొంత వాటా ఇయ్యొచ్చు. ఇది కేంద్రానిది. రాష్ట్రాలు, పాలికలు, ట్రస్టులు ఎవరి నియమాలు వాళ్లవి, అందుకని టెండర్ కాగితంల చూసుకోవాలె.

ఇగ నాకు బాగ తెలిసిన సంగతికి వస్త. బట్ట.

టవల్ టెండర్ల సైజు రాస్తరు, బరువు రాస్తరు. బరువును జీఎస్ఎం లెక్కన చెప్తరు, అంటే ఒక చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతది అని. 75 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల పొడుగు ఉన్న టవల్, 400 జీఎస్ఎం అంటే 450 గ్రాములు ఉండాలె. అదే టవల్ 350ల నేస్తే 394 గ్రాములే తూగుతది. చేతుల పట్టుకుంటే 56 గ్రాముల తేడా మామూలు మనిషికి తెలవదు. కాని పదివేల టవళ్లకు ఐదు వందల అరవై కిలోల నూలు మిగులుతది. నూలు కిలో రెండు వందల యాభై అనుకున్నా లక్షా నలభై వేలు. అందుకనే కొందరు ఎవరికీ అందనంత తక్కువ రేటు రాస్తరు. రేటు తక్కువ రాసేటప్పుడే నూలు ఎక్కడ మిగిలించాలనో లెక్క కట్టుకుంటరు. టవల్ మీద లేచే దారపు చుట్లను మేము పైల్ అంటం. ఆ చుట్టు కొంచెం పొట్టిగ చేస్తే సరిపోతది. చూపుకు టవల్ టవల్ లాగనే ఉంటది, నీళ్లు మాత్రం పీల్చదు.

బెడ్‌షీటుకు ఇంకొక ఉపాయం, గంజి. పడుగుకు గంజి పెట్టకుండ నేయలేం, అది తప్పు కాదు. నేసినంక కూడ గంజి దట్టంగ ఎక్కించి తూకం పెంచుతరు. దుకాణంల పట్టుకుంటే పెళపెళ అంటది. రెండు ఉతుకులకు వలలాగ అయితది. తెలిసిన కొనుగోలుదారు ఏం రాస్తడంటే, "గంజి పోయినంక జీఎస్ఎం ఇంత ఉండాలె, అంగుళానికి పడుగు పోగులు ఇన్ని, పేక పోగులు ఇన్ని, ఉతికితే ఇంత శాతం కంటె ఎక్కువ ముడుచుకోవద్దు" అని రాస్తడు. ఇంత వివరంగ రాసిన టెండర్ చూస్తే మనోళ్లు భయపడ్తరు. నిజాయితీగ నేసేవాడికి అసలు ఇదే మేలు. ఉట్టిగ "మంచి క్వాలిటీ బెడ్‌షీట్" అని రాసి రేటు అడిగితే, గంజి బట్ట వాడే గెలుస్తడు. నూలు పెట్టి నేసినోడు ఇంటికి పోతడు.

ఒక ఆసుపత్రి స్టోరుల ఒక ముసలి స్టోర్ కీపర్ ఉండె. శాంపిళ్లు అన్నిటిని పక్కకు పెట్టి, ముందు వార్డుల బాయిని పిలిచి ఉతికిపిచ్చిండు. ఎండినంక గుండ్రటి కటర్‌తోని ప్రతి దానిల ఒక ముక్క కోసి చిన్న కాంటా మీద పెట్టిండు. ఆ ముక్క సరిగ్గ వంద చదరపు సెంటీమీటర్లు ఉంటది, దాని గ్రాములను వందతోని గుణిస్తే జీఎస్ఎం వస్తది. పది నిమిషాల పని. మూడు శాంపిళ్లు అక్కడనే బయటకు పోయినయి. అందుల ఒకటి ఆ రోజు అందరికంటె మెత్తగ, అందంగ ఉన్నది. ఆయన ఇంకొకటి కూడ చేసిండు. పాసైన శాంపిల్ మీద అందరి సంతకాలు పెట్టించి, సీలు వేసి బీరువల పెట్టిండు. సరుకు వచ్చిన నాడు ఆ సీలు శాంపిల్ పక్కన పెట్టి చూసుకుంటడట. ఎందుకంటె శాంపిల్ ఒకటి, సరుకు ఒకటి అనేది మా ధందల పాత రోగం. శాంపిల్ మంచి నూలుతోని చేస్తరు, ఆర్డర్ వచ్చినంక సాంచా మీద వేరే నూలు ఎక్కుతది. సరుకు దిగేటప్పుడు చూసేవాడు లేకుంటే, టెండర్ ఎంత చక్కగ తెరిచినా ఉపయోగం లేదు. అనుమానం వస్తే టెక్స్‌టైల్స్ కమిటీ ప్రయోగశాలల ఫీజు కట్టి పరీక్ష చేపిచ్చుకోవచ్చు.

రేటు, నాణ్యం రెండిటికి మార్కులు వేసే పద్ధతి కూడ ఉన్నది. ఇది ఎక్కువగ సేవలకు, అంటే క్యాంటీన్, సఫాయి, సలహాదారులు ఇసొంటివాటికి. తక్కువ రేటుకు 100 మార్కులు ఇచ్చి, మిగతావాళ్లకు ఆ లెక్కన తగ్గిస్తరు. ఒకని రేటు 100 రూపాయలు, నాణ్యం మార్కులు 60 అనుకుందాం. ఇంకొకని రేటు 125, నాణ్యం 85. రెండోవాని రేటుకు 80 మార్కులు పడ్తయి. నాణ్యానికి 70 వంతులు, రేటుకు 30 వంతులు అని ముందే రాసి ఉంటే మొదటివానికి మొత్తం 72, రెండోవానికి 83న్నర. పని రెండోవానిది. అవే మార్కులు, నాణ్యానికి 30, రేటుకు 70 అని ఉంటే మొదటివానికి 88, రెండోవానికి 81న్నర. పని తిరగబడ్డది. మనిషి మారలేదు, సరుకు మారలేదు, పైన రాసిన వంతులు మారినయి. కేంద్ర ప్రభుత్వం 2021ల ఒక హద్దు పెట్టింది, సలహాదారుల పనులు కాకుండ మిగతా సేవలకు, కట్టడాలకు నాణ్యం వంతు 30 దాటొద్దని. నేను చెప్పేదేందంటే, లిఫాఫా తెరిచిన నాడు గెలుపు ఓటమి చూస్తం గాని, అది టెండర్ కాగితం రాసిన నాడే సగం తేలిపోతది. అందుకనే కాగితం చదవాలె. అర్థం కానిది ముందే అడగాలె. పెద్ద టెండర్లకు ప్రీబిడ్ మీటింగ్ అని పెడ్తరు, అడగనీకెనే పెడ్తరు. మనోళ్లు పోరు.

మా సొసైటీ సంగతి ఒకటి చెప్త. డాబా నీళ్లు కారుతుంటె వాటర్‌ప్రూఫింగ్‌కు కొటేషన్లు తెప్పిచ్చినం. ఒకరు 4,20,000 రాసిండు, అన్ని కలిపి. ఇంకొకరు 3,75,000 రాసిండు. అందరు రెండోవానికి ఇద్దామన్నరు. కింద చిన్న అక్షరాలల్ల "జీఎస్టీ వేరు" అని ఉన్నది. 18 శాతం కలిపితే 4,42,500 అయింది. పాత పొర తీసి మలబా పారేసే ఖర్చు కూడ మనదే అని ఇంకొక లైను. అన్నిటిని ఒక్క లెక్కకు తేకుండ రేట్లు పోల్చొద్దు. ఇంటి కిరాణా లెక్క చూసే ఏ ఆడమనిషికైనా ఇది ఒక్క నిమిషంల అర్థమైతది. కమిటీల మొగోళ్లకే టైము పట్టింది.

సెట్టింగ్ సంగతి చెప్తనన్న కదా. గుర్తులు ఉంటయి. మూడు కొటేషన్లు మూడు పేర్ల మీద వస్తయి, కాని టైపు ఒకటే, అక్షర తప్పులు కూడ ఒకటే. ఒకే మనిషి మూడు లెటర్‌హెడ్లు తెచ్చిండని అర్థం. లేకుంటె, ఈసారి నువ్వు, వచ్చేసారి నేను అని ముందే మాట్లాడుకొని మిగతావాళ్లు కావాలని ఎక్కువ రేటు రాస్తరు. 2002 కాంపిటీషన్ చట్టం ప్రకారం ఇట్ల కూడబలుక్కొని వేసుడు నిషేధం, జరిమానా ఉన్నది. ఇంకొకటి, కాగితంలనే తలుపు మూసేస్తరు. ఐదు వందల దుప్పట్లకు కోట్ల టర్నోవర్ అడుగుతరు. ఒక్క కంపెనీ దగ్గరనే ఉండే బార్డర్ డిజైన్ కావాలంటరు. ఇయ్యాల ప్రకటన వేసి ఎల్లుండి ఆఖరు అంటరు. ప్రభుత్వ ఆఫీసు అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతోని తులనాత్మక పట్టీ నకలు అడగొచ్చు. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. అనుమానం ఉంటె అడగండి, గల్లీల చెప్పుకుంట తిరిగితే పట్టీ రాదు.

కాని సెట్టింగ్ కంటె నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి వేరే ఉన్నది. ఎట్లనన్న గెలవాలని మనమే మన కూలిని కోసుకుంటం. ఒక గలీబుకు బట్ట 38 రూపాయలు, దారం, లేబుల్ 3, ప్యాకింగ్, రిక్షా 4, కరెంటు 2, కుట్టుకూలి 10 అనుకుందాం. 57 అయింది. అవతలోడు 53 రాస్తడని గుసగుస వస్తది. మనం 52 రాస్తం. ఆ ఐదు రూపాయలు ఎక్కడికెళ్లి వస్తయి? బట్ట సేఠ్ తగ్గించడు. కరెంటు బోర్డు తగ్గించదు. రిక్షావాడు తగ్గించడు. కుట్టే చెయ్యి ఒక్కటే ఎదురు చెప్పదు. పది రూపాయల కూలి ఐదు అయితది. కార్ఖానాలల్ల కూడ ఇదే చూసిన. టెండర్ గెలిచిండని సేఠ్ పేడాలు పంచిండు, ఆ వారమే డజను టవళ్ల మజూరీ తగ్గింది. పేడా తిన్న నోటితోని ఏమనాలె? మా వాళ్లు ఏమనలేదు.

అందుకని రేటు రాసేటప్పుడు కూలి ముందు రాయండి. దానికి కింద మిగతావి కలుపుకుంట పోండి. వచ్చిన మొత్తం ఎక్కువైతే ఆ పని ఇడిచిపెట్టండి. తెలివిగల కొనుగోలుదారు కూడ మరీ తక్కువ రేటు చూసి సంతోషపడడు. అంచనా కంటె చాన కింద ఉంటె, ఎట్ల గిట్టుబాటు అయితదో లెక్క చూపెట్టమని అడిగే హక్కు వాళ్లకు ఉన్నది.

రేటు పోటీ లేకుండ పని ఇచ్చే పద్ధతి కూడ మన చుట్టాల ఊర్లల్ల చూసినం. తెలంగాణ ప్రభుత్వం 2017ల బతుకమ్మ చీరలు మొదలు పెట్టి, నేత పని సిరిసిల్ల సాంచాలకు ఇచ్చింది. మొదటి ఏడు టైము చాలక కొంత సరుకు సూరత్ నుంచి తెచ్చిన్రు, నాణ్యం బాగలేదని గొడవ కూడ అయింది. తర్వాత ఏండ్లల్ల సిరిసిల్లల సాంచాలకు నెలల తరబడి పని దొరికింది. ప్రభుత్వం మారినంక 2024ల ఆ ఆర్డర్ ఆగింది, సాంచాలు కూడ ఆగినయి. కొత్త ప్రభుత్వం మహిళా సంఘాల చీరల ఆర్డర్ ఇచ్చేదాక అక్కడి చుట్టాలు ఫోన్ చేస్తే పని సంగతే మాట్లాడేటోళ్లు. పోటీ లేని ఆర్డర్‌ల కూలికి భరోసా ఉంటది, కాని కొనేవాడు ఒక్కడే. ఆయన చెయ్యి ముడిస్తే ఊరంతా ముడుచుకుంటది.

ఇక్కడ మహారాష్ట్రల యూనిఫాం సంగతి కూడ అట్లనే అటు ఇటు అయింది. 2024-25ల ఒకే రాష్ట్రం ఒకే యూనిఫాం అని బట్ట పైనుంచే కొని, కుట్టే పని బచత్ గట్‌లకు ఇచ్చిన్రు. చాన బడులల్ల పిల్లలకు టైముకు అందలేదు. 2024 డిసెంబర్ల మళ్ల అధికారం శాలా వ్యవస్థాపన సమితులకే ఇచ్చిన్రు. యూనిఫాంలు కుట్టే షోలాపూర్‌కు ఇది చిన్న సంగతి కాదు. పని కొరకు మళ్ల బడి బడికి కొటేషన్లు వేయాలె. ఇంకొక సంగతి, 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ఆ సమితులల్ల మూడు వంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు ఉండాలె. అంటే మన పేటలల్ల కొటేషన్ వేసేది మన ఆడబిడ్డలే, తెరిచి చూసేది కూడ మన ఆడబిడ్డలే. చుట్టరికం ఉన్నవాళ్ల కొటేషన్ వచ్చిన నాడు ఆ సభ్యురాలు లేచి పక్కకు కూర్చోవాలె, అది మీటింగ్ రిజిస్టర్ల రాయించుకోవాలె. లేకుంటె సెట్టింగ్ అనే మాట ఈసారి మన మీదికే వస్తది. సమితిల ఉన్నోళ్లకు నేను చెప్పేది, బట్టను ఒకసారి ఉతికి చూడండి. కటర్ లేకున్నా కిరాణా కాంటా సరిపోతది, ఉతకకముందు ఒక తూకం, ఉతికి ఎండినంక ఒక తూకం.

ఆఖరుకు పైసల సంగతి. పని వచ్చి, సరుకు ఇచ్చి, పైసలు రాక మునిగినోళ్లు టెండర్ రానోళ్ల కంటె ఎక్కువ మంది ఉంటరు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఉద్యమ్ ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్ సరుకుకు రాతల ఒప్పందం లేకుంటె 15 రోజులల్ల, ఒప్పందం ఉంటె అందుల రాసిన గడువుల, ఎంత ఉన్నా 45 రోజులు దాటకుండ పైసలు ఇయ్యాలె. ఆలస్యం చేస్తే రిజర్వ్ బ్యాంకు చెప్పిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెల నెలకు చక్రవడ్డీ లెక్కన. ఫిర్యాదుకు సమాధాన్ అనే పోర్టల్ 2017ల పెట్టిన్రు. సరుకు తీసుకున్నోళ్లకు అభ్యంతరం ఉంటె 15 రోజుల లోపల రాతపూర్వకంగ చెప్పాలె. చెప్పకుంటె సరుకు ఇచ్చిన తారీఖుకే ఒప్పుకున్నట్టు లెక్క. అందుకని చలాన్ మీద సరుకు ముట్టిన తారీఖు, తీసుకున్నవాళ్ల సంతకం, పేరు వేయించుకోండి. ఆ నకలు బిల్లు బుక్కుల పెట్టకండి, పోతది. రేషన్ కార్డు పెట్టే పెట్టెల పెట్టండి.